ప్రార్థనలో పెట్టిన ఇల్లు

ఆ ఆదివారం ఉదయం కృపానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, భార్యాపిల్లలతో చర్చికి వెళ్ళి రావడం, భోజనం చేసి జగన్నాథరావు మేష్టారింటిదాకా నడిచి "మొదటి ఇల్లే ఖాయం చేయించండి" అని ఒక్క మాట చెప్పి రావడం. ఇందులో చిక్కు పడడానికి ఏమీ లేదనుకున్నాడు. ఆయన తిరువూరు హైస్కూల్లో లెక్కల మేష్టారు. తప్పు ఎక్కడ దొర్లుతుందో తనకు ముందే తెలిసిపోతుందని ఒక నమ్మకం ఉండేది.

పెళ్ళయిన కొత్తలో జ్ఞానమణి ఆయన్ను అడిగినది ఒకే ఒక్కటి, సముద్రం చూపించమని. ఆమెది ఎ.కొండూరు పక్కన మెట్ట ఊరు. ఎండాకాలంలో బిందెడు నీళ్ళకు బావి దగ్గర సగంపూట వంతు కాసి పెరిగిన మనిషికి, అంత నీరు ఒక్కచోట ఊరికే పడి ఉంటుందంటే వింతగా ఉండేది. వచ్చే వేసవికి, వచ్చే వేసవికి అంటూ ఏడేళ్ళు గడిపేశాడు కృపానందం. ఈలోగా ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇల్లు ఎప్పుడు చూసినా సత్రమే. విస్సన్నపేట నుంచి డాక్టరు కోసం వచ్చిన చుట్టాలు, పరీక్షలకు వచ్చిన చుట్టాల పిల్లలు, ఏ పనీ లేకుండా వచ్చిన చుట్టాలు. మొగుడూ పెళ్ళాం మొదలుపెట్టిన మాట ఆ ఇంట్లో ఏనాడూ పూర్తికాలేదు.

మొన్న చలికాలంలో ఒకరోజు జ్ఞానమణి చంటివాణ్ణి చంకనేసుకుని పొయ్యి ఊదుతూ "ఇక నేను సముద్రం అడగన్లెండి" అంది. కోపంగా అని ఉంటే ఆయన సర్దుకునేవాడు. ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా అంది. అప్పటినుంచి ఆయనకు అన్నం సహించలేదు. ఈ డెబ్బై నాలుగో సంవత్సరం వేసవి సెలవుల్లో వారం రోజులు సముద్రపొడ్డున ఉండి తీరాలి, తామిద్దరూ పిల్లలూ తప్ప ఇంకెవరూ రాకూడదు అని గట్టిగా తీర్మానించుకున్నాడు.

సోషలు చెప్పే జగన్నాథరావుకు రెడ్డిగూడెంలో మామిడి తోటలున్నాయి. ఆయన బావమరిది వీరరాఘవయ్య బందరు నుంచి లారీ వేసుకొచ్చి ఆ కాయలు కొనుక్కుపోతుంటాడు. అద్దెకు ఇల్లు చూడమంటే వీరరాఘవయ్య బందరు సముద్రపొడ్డున రెండు చూసిపెట్టాడు. మొదటిది ఒక ప్లీడరు గారు గాలికోసం కట్టించుకున్న రెండు గదుల ఇల్లు. చుట్టూ వరండా, వరండా మెట్టు దిగితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. రెండోది పూర్వం ఉప్పు నిలవ చేసిన పెద్ద కొటారు. నడుమెత్తు రాతి పునాది, మందపాటి గోడలు, పైన రేకులు. తాటితోపుకు ఇవతల ఉంది కాబట్టి సముద్రం కనిపించదు, గాలి ఇటు తిరిగినప్పుడు వినిపిస్తుంది.

కాఫీ దగ్గర ఈ సంగతి తల్లి చిట్టెమ్మ చెవిన పడింది.

"సముద్రం గుమ్మంలో ఉంటే పిల్లల్ని ఎవరు కాస్తార్రా? పెద్దది చెప్పినమాట వినదు, నడిపివాడు నీళ్ళు కనపడితే ఆగడు, చంటివాడికి ఇంకా నడకే సరిగ్గా రాదు. ఆ కొటారు తీసుకో. రాతిమీద ఉంది, గోడలున్నాయి, తలుపేసుకోవచ్చు."

"సముద్రం చూడడానికి వెళ్ళి తలుపేసుకుంటామా అమ్మా?"

"తలుపేసుకుంటే సముద్రం ఎక్కడికన్నా పోద్దా?"

ఇలాంటి వాదన ఎంతసేపైనా సాగుతుందని కృపానందానికి అనుభవమే. అందుకని తేల్చడానికి, "సరేలేమ్మా, ప్రార్థన చేద్దాంలే" అన్నాడు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఆ మాట వాయిదా వేయడానికే వాడతారు. ఇల్లు వెల్ల వేయించడం, గేదెను కొనడం, మేనమామకు జాబు రాయడం అన్నీ అలా ప్రార్థనలోనే ఉండిపోయాయి. చిట్టెమ్మ మాత్రం డెబ్బై ఏళ్ళుగా ఆ మాటను నిజంగానే అంటున్న మనిషి.

చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళయింది. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఇంకొకరు కొడుకు ఉద్యోగమన్నారు. అప్పుడు చిట్టెమ్మ లేచి నిలబడి కొంగు సవరించుకుంది.

"మావాడు పెళ్ళాం పిల్లలతో సముద్రం దగ్గర ఇంట్లో దిగుతున్నాడు. రెండిళ్ళు చూశారంట. ఒకటి ఇసుక మీద ఉందంట. ఇంకోటి రాతి మీద ఉందంట. ఏదాంట్లో దిగాలో సంఘమంతా ప్రార్థన చేయాలి."

చర్చిలో తలలన్నీ ఒక్కసారి చిట్టెమ్మవైపు తిరిగాయి. ఇసుకమీద ఇల్లు కట్టుకున్న బుద్ధిలేనివాడి సంగతి, బండమీద కట్టుకున్న బుద్ధిమంతుడి సంగతి అక్కడ ఆదివారం బడి చదివిన ప్రతి పసివాడికీ తెలుసు. చేతులు తిప్పుతూ పాట కూడా పాడతారు. జవాబు ఇంత తేలికగా ఉన్న ప్రశ్న ఆ సంఘం ముందుకు ఇంతవరకూ రాలేదు. వెనక వరసలో ఎవరి పిల్లవాడో ఇల్లు కూలిపోయే అభినయం మొదలుపెట్టాడు కూడా. కృపానందం తలవంచుకున్నాడు. అది భక్తి అనుకున్నారు చూసినవాళ్ళు.

సంఘం ముందు పెట్టిన మాట ఇక సంఘం సొత్తు. ప్రార్థన చేసిన ప్రతివాళ్ళకూ దాని మంచిచెడ్డల్లో వాటా ఉంటుంది. ఆ సంగతి కృపానందానికి సోమవారం తెల్లవారగానే తెలిసింది. స్త్రీల సమాజం పెద్ద రిబ్కమ్మ గారు గొడుగు ముడిచి పట్టుకుని నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, రాత్రి ప్రార్థనలో నీ ఇల్లు నా కళ్ళకు కట్టింది. అలలొచ్చి కొట్టేస్తన్నాయి."

"రిబ్కమ్మ గారూ, అది ప్లీడరు గారిల్లు. ఎన్నో ఏళ్ళనుంచి చెక్కుచెదరకుండా ఉందటండి."

"ఉంటది. బుద్ధిలేనివాడు ఎప్పుడొస్తాడా అని కాచుకుని ఉంటది."

మధ్యాహ్నానికి ఇంకా నలుగురు వచ్చారు. ఎవరు ఎంతసేపు మోకరించినా జవాబు మాత్రం రాతి ఇల్లే. సాయంత్రం బజారులో హెడ్మాస్టరు ఎదురై, బందరుకు ట్రాన్స్‌ఫరు పెట్టుకున్నావట, నాతో ఒక్కమాట అనలేదేంటని నిష్ఠూరమాడాడు. ఆయన్ను సముదాయించి కృపానందం జగన్నాథరావు ఇంటికి చేరాడు.

"మేష్టారూ, ఇసుక మీద ఇల్లు కుదరదట. రాతిదే కావాలంటున్నారు."

"సముద్రపొడ్డున ఇసుక ఉండక కంకర ఉంటుందా కృపానందం గారూ? మీ ఇంట్లో వాళ్ళు ఏమంటున్నారు?"

"ఇంట్లోవాళ్ళు కాదండీ, సంఘం."

"మీ కాపురానికి సంఘమేంటండీ?" అని జగన్నాథరావు నోరు తెరిచాడు. తరవాత గుర్తొచ్చింది. తన చిన్నకూతురి పెళ్ళి ముహూర్తం ఏ బంధువులు ఎలా నిర్ణయించారో తలుచుకున్నాడు. కొటారు ఖాయం చేయించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. బుధవారం పాస్టరు యోసేపు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా కృపానందం, ప్రభువు ఎట్లా నడిపిస్తన్నాడో. బాప్తిస్మానికి ఒప్పుకున్నవాళ్ళు కోతలప్పటినుంచీ కాచుకుని ఉన్నారు. ఊరచెరువులో చూస్తే మోకాటి లోతు నీళ్ళు లేవు. మనిషిని నిండా ముంచాలంటే ఎక్కడికెళ్ళాలిరా దేవుడా అని నేను ప్రార్థిస్తా ఉంటే, మీ అమ్మ లేచి సముద్రమంది."

"అయ్యగారూ, మేం పిల్లలతో కాస్త విశ్రాంతిగా..."

"విశ్రాంతే కదా మరి, బాప్తిస్మం అంటే. కొటారు పెద్దదేనంటగా?"

పెద్దదే. అదే వచ్చిన తంటా. బాప్తిస్మం పొందేవాళ్ళు వస్తే వాళ్ళ భార్యలు చూడాలి. భార్యలు వస్తే పిల్లల్ని ఎవరిమీద వదిలి వస్తారు? బాప్తిస్మమన్నాక పాటలుండాలి కాబట్టి పాటలవాళ్ళు, పాటలవాళ్ళతో హార్మోనియం, హార్మోనియంతో అది వాయించే ముసలాయన, ముసలాయనకు తోడుగా మనవరాలు. రైళ్ళు సమ్మెలో ఉన్నాయి, ఇంతమంది బందరు దాకా ఎలా వెళ్తారని కృపానందం ఆశగా ఒక అడ్డు చెప్పాడు. వీరరాఘవయ్య ఆ అడ్డు కూడా తీసేశాడు. పుణ్యకార్యమని లారీ ఇస్తానన్నాడు.

జ్ఞానమణి ఇవన్నీ వింటూ రోట్లో కారం దంచుతోంది. మొదట ఐదుగురికి సరిపడా దంచింది. తరవాత తట్టలకు తట్టలు మిరపకాయలు వచ్చాయి.

"ఏవండీ, అక్కడ ఇంతమందికీ వంట ఎవరు చేస్తారు?"

"స్త్రీల సమాజం చూసుకుంటుందన్నారు."

"స్త్రీల సమాజంలో పెద్దవాళ్ళు పాటలు పాడతారు. రోకలి పట్టే వయసులో ఉన్నది నేనే."

ఆ మాటతో కృపానందానికి తెగింపు వచ్చింది. చొక్కా వేసుకుని నేరుగా పాస్టరు గారింటికి వెళ్ళి, ప్రయాణం మానుకుంటున్నాం, పిల్లలు చిన్నవాళ్ళు, భయంగా ఉంది అని చెప్పేశాడు. పాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు జాలిగా చూశారు. బలహీనపడిన సహోదరుణ్ణి ఒంటరిగా వదలకూడదని అప్పటికప్పుడు ఇంకో రెండు కుటుంబాలను తోడుగా వచ్చేట్టు ఒప్పించారు. కృపానందం వెళ్ళినప్పటికన్నా పెద్ద ప్రయాణంతో తిరిగొచ్చాడు. పెరట్లో మంచంమీద కూర్చుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడేళ్ళ తరవాత పెళ్ళానికి చూపించబోతున్నది ఇదన్నమాట, తాటితోపు ఇవతల ఒక పొయ్యి.

జ్ఞానమణి రోకలి పక్కన పెట్టి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఆ ఇసుకమీద ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందా?"

"ఉండే ఉంటుంది. ఎందుకు?"

"మనవాళ్ళెవరూ ఆ గడప తొక్కరు కదా?"

"ప్రాణం పోయినా తొక్కరు."

ఆమె ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రోకటిపోటు మళ్ళీ మొదలైంది. కృపానందం కాసేపు అలాగే కూర్చుని, ఉన్నట్టుండి లేచి, చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా జగన్నాథరావు ఇంటివైపు నడిచాడు.

లారీ బయలుదేరిన రోజు మామిడికాయల కింద పరిచే గడ్డిమీద సంఘమంతా కూర్చుని దారి పొడుగునా పాటలు పాడింది. కొటారు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రాతి పునాది ఎంత గట్టిగా ఉందో చిట్టెమ్మ అరచేత్తో తట్టి చూసింది. అందరూ లోపలికి వెళ్ళి చాపలు పరిచారు. చివరి చాప పరిచేసరికి కాలు పెట్టే చోటు లేదు. పైన రేకులు పెనంలా కాగుతున్నాయి. చంటివాడు గుక్కపట్టాడు.

అప్పుడు జ్ఞానమణి పాస్టరు గారి ముందుకు వచ్చి నిలబడింది. ఆమె అంతమందిలో నోరు విప్పడం అదే మొదలు.

"అయ్యగారూ, పెద్దవాళ్ళు, బాప్తిస్మం పొందేవాళ్ళు రాతిమీద ఉండాల్సినవాళ్ళు. మా వల్ల మీకు చోటు చాలకపోతే పాపం. మేం ఎక్కడైనా సర్దుకుంటాం. ఆ ఇసుకమీద ఇల్లు ఎట్లాగూ ఎవరూ ముట్టుకోరు, అందులో ఉంటాం."

కొటారంతా చలించిపోయింది. రిబ్కమ్మ గారు కళ్ళు తుడుచుకుని, ఇంత త్యాగం ఈ రోజుల్లో చూడలేదంది. ఆ కుటుంబాన్ని అలలనుంచి కాపాడమని అక్కడే పొడుగాటి ప్రార్థన చేసింది. చిట్టెమ్మ మాత్రం చంటివాణ్ణి దగ్గరకు తీసుకుంది. ఎక్కడినుంచి తెచ్చిందో ఎద్దు మెడలో కట్టే మువ్వ ఒకటి చంటివాడి మొలకు కట్టింది. తాటితోపు దాకా వెంట వచ్చి, చెట్లకు ఇవతలే, ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయింది.

"తలుపేసుకోండి" అని అక్కణ్ణుంచే కేకేసింది.

ఎవరూ తలుపు వేయలేదు. వరండా మెట్లమీద పిల్లలు నోరు తెరుచుకుని నిలబడ్డారు. జ్ఞానమణి నీళ్ళదాకా నడిచి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా పట్టించుకోకుండా అలాగే ఉండిపోయింది. కృపానందం పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఏడేళ్ళుగా ఈ క్షణంలో ఆమె ఏమంటుందా అని ఊహించుకుంటూ వచ్చాడు.

"ఇదంతా ఉప్పేనా?"

"ఉప్పే."

"పాపం" అంది. ఆ పాపం తన ఊరికో, సముద్రానికో ఆయనకు అర్థం కాలేదు గానీ, ఆమె ముఖం చూస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

రెండు రోజులు అంతా అనుకున్నట్టే జరిగింది. మువ్వ మోగినంతసేపు పెద్దపిల్లకు తమ్ముణ్ణి కాయడం ఆటగా ఉంది. నడిపివాడు తవ్విన గుంటల్లో నీళ్ళు ఊరడం చూసి తనే సముద్రాన్ని కనిపెట్టినట్టు తిరిగాడు. సాయంత్రాలు మొగుడూ పెళ్ళాం వరండాలో కూర్చుని మొదలుపెట్టిన ప్రతిమాటా పూర్తి చేశారు. ఉదయమే సంఘం వచ్చి బాప్తిస్మాలు కానిచ్చుకుని, ప్లీడరు గారి ఇంటివైపు చూడకుండా చుట్టు తిరిగి వెళ్ళిపోయేది. చిట్టెమ్మ ఒక్కతే బాప్తిస్మాలకు రాలేదు. మోకాళ్ళు సహకరించడం లేదని చెప్పింది.

మూడోరోజు మధ్యాహ్నం చేపల పులుసు గిన్నె పట్టుకుని ఇద్దరూ కొటారుకు బయలుదేరారు. తాటితోపు దగ్గర చిట్టెమ్మ ఒక్కతే నేలమీద కూర్చుని ఉంది. కొంగంతా చెమటతో తడిసిపోయింది. ముఖం హోరు వినపడే వైపుకు తిప్పి ఉంది.

"ఇక్కడ కూర్చున్నారేంటి అత్తయ్యా?"

"లోపల కుమ్మరావంలాగుంది." ఆ హోరుకే చెవి ఒగ్గి, "అది ఎట్టా ఉంటదే?" అంది.

"మీరు చూళ్ళేదా?"

"ఎవరు చూపించారు? మీ మామగారు చూపిస్తాననేవారు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటానే పోయారు."

కృపానందం చేతిలో గిన్నె దించేశాడు. ఇన్నాళ్ళూ తల్లికి సముద్రమంటే భయమనుకున్నాడు, గిట్టదనుకున్నాడు. అడిగిన పాపాన పోలేదు. ఆయనకు సిగ్గేసింది.

"పదమ్మా, వెళ్దాం."

"ఏ మొహం పెట్టుకుని వస్తానురా? సంఘంలో లేచి నిలబడి అడిగింది నేనే కదా."

ఆయన వెనక్కి తిరిగి కొటారువైపు చూశాడు. తల్లి గడప తొక్కితే తరవాత ఏం జరుగుతుందో ఆ లెక్క మాత్రం ఆయనకు స్పష్టంగా తెలుసు. జ్ఞానమణికీ తెలుసు. ఆమె ఒక్కసారి మొగుడి ముఖంలోకి చూసి, వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"మీరు అడిగిందేంటి అత్తయ్యా? ఏ ఇంట్లో దిగాలో ప్రార్థన చేయమని. రెండిళ్ళలోనూ దిగాంగా."

చిట్టెమ్మ ఆ మాటను కాసేపు నోట్లో వేసుకుని నమిలినట్టు ఆలోచించింది. తప్పు దొరకలేదు. కోడలి భుజం పట్టుకుని లేచి, ఇసుకమీద ఒక్కో అడుగూ కూడదీసుకుంటూ నడిచింది. వరండా ఎక్కి కూర్చుని పొద్దుగూకేదాకా కళ్ళార్పకుండా చూసింది. మోకాళ్ళ సంగతి గుర్తు కూడా రాలేదు.

దీపాలు పెట్టే వేళకు రిబ్కమ్మ గారు ఆమెను వెతుక్కుంటూ వచ్చి మెట్టుకు అవతల ఆగింది. గాలికి గొడుగు ఎగిరిపోబోయింది.

"చిట్టెమ్మా, నువ్విక్కడున్నావా? గాలి బాగానే వస్తందే."

"వచ్చి కూర్చో."

"నాకేం వద్దు." మెట్టుమీద ఒక కాలు పెట్టింది. "నిన్ను ఒక్కదాన్నీ ఇట్లాంటి చోట వదిలితే బాగోదు."

రిబ్కమ్మ గారిని వెతుక్కుంటూ స్త్రీల సమాజం వచ్చింది. సమాజాన్ని వెతుక్కుంటూ పాటలవాళ్ళు, వాళ్ళ వెనక హార్మోనియం. అందరికన్నా చివర పాస్టరు గారు వచ్చి, చల్లగాలికి కండువా తీసి పక్కన పెట్టారు. ఇల్లు ఇసుకమీద ఉన్నా అందులో కూర్చున్న మనిషి నమ్మకం బండమీద ఉంటే సరిపోతుందని తేల్చి చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. కొటారులోంచి చాపలు రావడం మొదలైంది.

కృపానందం దిండు చంకలో పెట్టుకుని రెండు గదులూ, చుట్టూ వరండా తిరిగి చూశాడు. అత్తగారి పక్కన పిల్లల్ని పడుకోబెట్టుకుని జ్ఞానమణి అప్పుడే నడుం వాల్చింది.

"నేనెక్కడ పడుకోను?"

"ఎక్కడైనా సర్దుకోండి" అంది నవ్వుతూ.

ఆయన మనుషుల మీదుగా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ బయటపడి, తాటితోపు దాటి, కొటారు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఇంకెవరూ లేకుండా గడపాలని ఆయన పడ్డ తాపత్రయం మిగిలిన రోజులన్నీ పూర్తిగా నెరవేరింది, రాతి ఇంట్లో.